నల్ల బీరు, పిన్నమ్మ ముక్కు

మొన్న బెంగళూరులో ఒక బీరు పోటీకి రుచి చూసేవాళ్ళలో ఒకడిగా నన్నూ పిలిచారు. బల్లకి నలుగురం. ముందు కాగితాలు, పెన్సిళ్ళు, మంచినీళ్ళు, ఉప్పులేని బిస్కెట్లు. వరసగా నల్ల బీర్లు వస్తున్నాయి. నాలుగో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, నా చెయ్యి దానంతటదే కాగితం మీద తెలుగులో రాసేసింది: "కాల్చిన చింతపిక్క. పైన పొట్టు మాడింది, లోపల పప్పు బాగుంది." పక్కనున్నాయన తొంగి చూసి, ఇదేం రాతండీ అని అడిగాడు. అర్థం చెప్పాను. ఆయన మళ్ళీ వాసన చూసి, కాసేపు ఆలోచించి, తన కాగితం మీద రాసుకున్న "చాక్లెట్" అన్న మాట కొట్టేశాడు. నాకు బొబ్బిలిలో ఒక రేకుల వసారా కళ్ళముందుకొచ్చింది. ఆ తర్వాత గ్లాసులన్నీ హుషారు పట్టలేక చూశాను.

ఆ వసారాలో కూర్చునే ఆవిడ పోయి ఏడు నెలలైంది. పేరు రాయను. బీరు గురించి రాసినదాంట్లో తన పేరుందని తెలిస్తే ఎక్కడున్నా లేచొచ్చి నన్ను కడిగేస్తుంది. బొబ్బిలిలో మా వీధి వీధంతా పిన్నమ్మ అనేది కాబట్టి నేనూ పిన్నమ్మనే అన్నాను. పొట్టి మనిషి. చిన్న చప్పిడి ముక్కు. ఆ ముక్కుని చూసి ఎవరూ ఏమీ అనుకోరు, నేనూ అనుకోలేదు.

రాగుల్ని మా వైపు చోళ్ళు అంటాం. పిన్నమ్మ చోళ్ళు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, ఇనప కళాయిలో వేయించి పిండి పట్టించేది. పసిపిల్లల తల్లులు వచ్చి పట్టుకెళ్ళేవారు. నేనేమో విశాఖపట్నంలో, తన బీరు తనే కాచుకునే ఒక చిన్న హోటల్లో బీరు కాచే పనిలో ఉన్నాను. కెమిస్ట్రీ చదివి, బెంగళూరులో అయిదేళ్ళు ఆ పని నేర్చుకుని వచ్చినవాణ్ణి. నాకు నల్ల బీరంటే పిచ్చి. జనం పసుపుపచ్చటి బీరు నాలుక కొంకర్లు పోయేంత చల్లగా తాగేసి బాగుందంటారు. నల్లది అలా కాదు. దాని నలుపూ, చేదూ, తీపీ, అన్నీ మొలకెత్తిన గింజని ఎంతసేపు వేయించామన్న దాంట్లోంచే వస్తాయి. బార్లీ ఎక్కడినుంచో తెప్పిస్తాం సరే, దాంట్లో మా చోళ్ళు కలిపితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన వచ్చిన రోజు నాకు నిద్రపట్టలేదు. మర్నాడే బొబ్బిలి బండెక్కాను.

"ఇంకా నల్లగా వేయించి ఇవ్వాలి పిన్నమ్మా, కాఫీగింజ రంగు రావాలి," అన్నాను.

"అంత నల్లగా పిల్లలు తాగరు. ఎవరికి?"

"హోటల్లో ఒక డ్రింకు చేస్తాం."

"ఏ డ్రింకు?"

నాకు అబద్ధం ఆడడం రాదు, ఆడినా అతకదు. బీరని చెప్పేశాను. గోడమీద ఏసుప్రభువు పటం ఉంది. దాని కింద చర్చివాళ్ళిచ్చిన కేలండరు ఉంది. ఆవిడ బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగిన మనిషి, చుక్క ముట్టని ఇల్లు. లేచి వెళ్ళిపొమ్మంటుందని చెప్పులు వెతుక్కుంటున్నాను.

"గింజ నాది," అంది కళాయిలో గరిటె తిప్పుతూనే. "పిండి సేస్తావో, బీరే సేస్తావో, గింజ పాడైతే నామోషీ నాకు. నువ్వు కాసిందేటో నాకు సూపించాలి. సూపిస్తానంటే ఇస్తాను."

"తాగుతావా పిన్నమ్మా?"

"నోటితో ప్రమాణం సేసినాను. ముక్కుతో సేయలేదు."

అలా మొదలైంది. రెండు వారాలకొకసారి నేను చిన్న సీసాల్లో బీరు పట్టుకుని బొబ్బిలి వెళ్ళేవాణ్ణి. సీసా గడప దాటకూడదు, అది మొదటి షరతు. వసారాలో ముక్కాలిపీట మీద ఆవిడ, మెట్టు మీద నేను. దీనికని ఒక గాజు గ్లాసు విడిగా ఉంచింది. దాన్ని మిగతా సామాన్లతో తోమేది కాదు.

మొదటిసారి నేను ఐసుపెట్టెలో పెట్టి తెచ్చాను. ఆవిడ గ్లాసు ముట్టుకుని నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"సల్లదనం మీద ఏటి తెలస్తాది? వాసన ముడుసుకుపోయి అడుక్కి పోతాది. అలగ ఉంచు. దాని సలి దిగనీ."

నాకు బెంగళూరులో మూడో నెల్లో చెప్పిన పాఠం అది. నల్ల బీరుని చల్లగా ఉండగా రుచి చూడకూడదని. ఈవిడ జన్మలో బీరు చూడలేదు, మొదటి నిమిషంలో చెప్పేసింది. గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని, చిన్నపిల్ల చేతులు వెచ్చబెట్టినట్టు వెచ్చబెట్టి, అరచేత్తో మూత వేసి ఒకసారి తిప్పి, చెయ్యి తీసి, ఒక్కో ముక్కురంధ్రంతో ఒకసారి పీల్చేది. తర్వాత మొహం పక్కకి తిప్పి తన మోచేతి మడతలో పీల్చేది. ఎందుకని అడిగితే, "ముక్కు కడుక్కోవాలి కదేటి, సొంత వాసనతో" అంది. ఆ పని కూడా నాకు పుస్తకాల్లో చెప్పిందే. ఇవన్నీ చూస్తుంటే నాకు ఆనందంతో పిచ్చెక్కినట్టుండేది, మెట్టు మీద కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి.

చిక్కదనం ఎలా చూస్తుందా అనుకున్నాను, నోట్లో పోసుకోదు కదా. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, అరిసెల పాకం చూసినట్టు మెల్లగా విడదీసింది. "జిగురు సాలదు. నీళ్ళు ఎక్కువ పోసీసినావు," అంది. ఆ వారం విశాఖలో కొలిచే పరికరంతో చూశాను. ఆవిడ చెప్పింది నిజం.

నేను మాత్రం నా పరిభాషతో వెళ్ళేవాణ్ణి. చాక్లెట్ వాసన, కేరమెల్ వాసన, ఎండు పళ్ళ వాసన అని చెప్పేవాణ్ణి. ఆవిడకి ఒళ్ళు మండేది.

"సాకలెట్ అంటే ఏటి? కొట్లో రూపాయికి దొరికేదా, మా మనవరాలికి పుట్టినరోజుకొచ్చినదా? ఏ పళ్ళు? ఎండుపళ్ళని ఊరికే అంటే నాకేటి తెలస్తాది? ఎండినవా, కుళ్ళి ఎండినవా?"

అప్పుడు తనే చెప్పేది. ఒకసారి ఇప్పపువ్వు ఎండబెట్టిన చాప వాసన. ఒకసారి తాటిబెల్లం పాకం దించేశాక గిన్నె అడుగున మిగిలింది. ఒకసారి కాల్చిన పనసపిక్క. ఒకసారి "అన్నం అడుగంటినాది, కానీ ఇంకా మాడనేదు, నీళ్ళు సల్లితే తినీయొచ్చు." ఇవి నేను నోటుపుస్తకంలో రాసుకుని, విశాఖ వెళ్ళి ఆ పనసపిక్కే కాల్చి, పక్కన గ్లాసు పెట్టుకుని పోల్చి చూసేవాణ్ణి. వంటింట్లో మా ఆవిడ నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఎన్నేళ్ళుగానో పరాయి మాటల్తో తడుముకుంటున్న వాసనలకి నాకు ఇంటి పేర్లు దొరుకుతున్నాయి. ఇంతకంటే సంబరం ఏముంటుంది?

ఒకరోజు ఆవిడ గ్లాసులో ముక్కు పెట్టి ఉండగా వాళ్ళ పాస్టరుగారు సైకిలు దిగారు. నేను సీసా వెనక్కి దాచబోయాను. ఆవిడ గ్లాసు దించలేదు.

"వాసన సూస్తన్నానండి. తాగడం నేదు. ఈ గుంటడు మన సోళ్ళతో బీరు కాసినాడు," అంది.

పాస్టరుగారు నన్నూ, గ్లాసునీ, ఆవిడనీ మార్చి మార్చి చూశారు. చివరికి గ్లాసు అందుకుని, దూరంగా పట్టుకుని ఒకసారి పీల్చి, "కాఫీలా ఉందమ్మా," అన్నారు.

"ఏ కాఫీ?" అంది పిన్నమ్మ.

ఆయన గబగబా గ్లాసు ఇచ్చేసి, ప్రార్థన కూటం సంగతి చెప్పి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

చిన్న పాత్రల్లో కాచిన నమూనాలు ఇలా బాగా కుదిరాయి. అసలు కష్టం పెద్ద కాగులో కాచినప్పుడు వచ్చింది. మొదటి కాగు పాడైంది. ఏదో తేడా వాసన, చివర్లో గొంతు దగ్గర. మా హోటలు యజమాని మొహం చిట్లించి మురుగ్గుంటలో పారబోయించాడు. రెండో కాగూ అంతే. బెంగళూరులో నాకు పని నేర్పినాయన ఫోన్లో అంతా విని, పులియబెట్టే ఈస్టు తప్పన్నాడు. నీళ్ళు తప్పని ఇంకొకరన్నారు. యజమాని నాతో కోపంగా కాకుండా చాలా మర్యాదగా మాట్లాడాడు, అందుకే నాకు భయం వేసింది.

"ఇంకొక్కసారి చూడండి. అదీ పోతే నల్ల బీరు మాట మళ్ళీ మన మధ్య వద్దు. ఆ పచ్చ బీరే కాయండి, జనం తాగుతున్నారు కదా," అన్నాడు.

అంటే నేను మూడేళ్ళుగా మోస్తున్న కోరిక ఒక్క కాగుతో తేలిపోతుందన్నమాట. రెండో కాగులోంచి పారబోయకముందు దాచిన సీసా ఒకటి తీసుకుని బొబ్బిలి వెళ్ళాను. ఎందుకు పాడైందో చెప్పమని కాదు, పాడైందని ఒప్పుకోవడానికి.

పిన్నమ్మ పీల్చింది. మోచేతిలో పీల్చింది. మళ్ళీ పీల్చింది. లేచి వెళ్ళి, వసారా చివర పొయ్యిమీద కాలుతున్న ఖాళీ కళాయిలో ఒక చెంచాడు బీరు పోసింది. బుస్సుమని పొగ లేచింది. ఆ ఆవిరి మీదకి వంగి, అలాగే ఉండిపోయింది. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. పొగ వల్లనుకున్నాను.

"ఒరే, నా గింజ దేంట్లో కట్టినావు?"

"గోనెసంచుల్లో."

"కొత్తవా?"

"కొత్తవే, శుభ్రంగా ఉంటాయని."

గింజని ప్లాస్టిక్కులో కట్టకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు, చెమ్మెక్కుతుందని. మా తాతల కాలంనుంచి ధాన్యమంటే గోనె. కాబట్టి నేను పెద్ద కాగు కోసమని బజార్లో కొత్త గోనెలు కొని, కళాయిలోంచి దించిన వేడివేడి గింజలు వాటిల్లోనే పోయించాను. చిన్న నమూనాలకైతే రెండేసి కిలోలు స్టీలు డబ్బాలో తీసుకెళ్ళేవాణ్ణి.

"కొత్త గోనె నారకి మిల్లులో నూనె పూస్తారు, నార విరక్కుండా," అంది. "వేడి గింజ ఆ నూనె వాసన పీల్సీసినాది. మా ఇంటాయన ముప్పయ్యేళ్ళు నారమిల్లులో సేసినాడు. ఆ సొక్కాలు ఎన్ని ఉతికినా ఇదే వాసన. ఆయన పోయాక మరెప్పుడూ తగల్లేదు. ఇదిగో, మళ్ళీ నువ్వు సీసాలో పెట్టి తెచ్చినావు."

అప్పుడు తెలిసింది కళ్ళు ఎందుకు తడిశాయో. నేను తలొంచుకుని కూర్చున్నాను. కానీ నిజం చెప్పాలంటే లోపల ఎగిరి గంతేస్తున్నాను. ఈస్టు కాదు, నీళ్ళు కాదు, చోళ్ళు కాదు, బొబ్బిలి ఇంటి పట్టింపు ఒకటి బీరుని చంపింది. సంచి మారిస్తే చాలు. ఆవిడ కాళ్ళమీద పడబోతే, "సాల్లే, లే," అని గరిటెతో నెట్టింది.

ఆ తర్వాత వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. కోలుకుంది, పొయ్యి దగ్గర కూర్చుంది, కానీ ఒక పద్ధతి మారింది. గ్లాసు ముందు నాకిచ్చేది.

"ముందు నువ్వు సూసి సెప్పు."

నేను చెప్పేవాణ్ణి. ఆవిడ గ్లాసుని కాక నన్నే చూస్తూ కూర్చునేది. "తర్వాతేటి? ఇంకా? బెల్లమా, పాకమా?" అని తవ్వేది. అంతా చెప్పించాక తను ఒకసారి పీల్చి, ఊఁ అనేది. నాచేత పాఠం ఒప్పజెప్పించుకుంటోందనుకున్నాను. పెద్దవాళ్ళకి ఆ వయసులో చేతిలో ఉన్న పని ఎవరికైనా అప్పజెప్పాలనిపిస్తుంది, అందుకు నన్ను ఎంచుకుందని గర్వపడ్డాను కూడా.

మూడో కాగు గింజలు చల్లారాక స్టీలు పీపాల్లో పోసి తీసుకెళ్ళాను. బీరు తయారయ్యాక యజమానికి చూపించకుండా ముందు సీసా పట్టుకుని బొబ్బిలి పరిగెత్తాను. పిన్నమ్మ గ్లాసులో పోసి, చలి దిగే వరకు ఉంచి, నా చేతిలో పెట్టింది. పీల్చాను.

"మాట్లాడవేటి?"

"వేయించిన చింతపిక్క. పొట్టు తీసింది. దాని కింద తాటిబెల్లం. పాకం కాదు, అచ్చు. చివర్లో..." ఇంకోసారి పీల్చాను. "చివర్లో మన చోడి అంబలి పిన్నమ్మా, పొద్దున్న కుండ మూత తీసినప్పుడు వచ్చేది."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తను గ్లాసు అందుకుని పీల్చి, కింద పెట్టింది.

"బాగున్నాది. పట్టుకెల్లి మీ బుగతకి సూపించు. బెదరకు."

ఆ ఒక్క మాట నమ్ముకుని యజమాని ముందు గ్లాసు పెట్టాను. ఆయన తాగాడు. ఇంకో గ్లాసు పొయ్యమన్నాడు. వారంలో కాగు ఖాళీ. నల్ల బీరు ఇక ఆగదని, నెలనెలా కాయమని చెప్పాడు. ఆ ఆదివారం మిఠాయి పొట్లం పట్టుకుని, చర్చి వదిలే వేళకి ఆవిడ వసారాలో వాలాను. వచ్చింది. నేను గడగడా అంతా చెప్పాను, యజమాని మొహం ఎలా మారిందో, బల్లల దగ్గర జనం ఏమన్నారో. ఆవిడ బైబిలు ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"అంతా నీ ముక్కే పిన్నమ్మా," అన్నాను.

"నా ముక్కు పనిసేయడం నేదురా," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ జొరం నాడు పోయినాది. ఉల్లిపాయా తెలీదు, కిరసనాయిలూ తెలీదు. దేవుడికి తప్ప ఎవరికీ సెప్పనేదు. సెప్తే పిండి ఎవరు కొంటారు?"

"మరి ఆ రోజు బాగుందన్నావు కదా."

"నీ మొకం సూసి అన్నాను. ఆ గోనె బీరు తెచ్చిన్నాడు నువ్వు సీసా మూత తీస్తంటే నీ ముక్కు ఇలగ పక్కకి గుంజుకున్నాది. నీకు ముందే తెలిసినాది, నువ్వు నీ ముక్కుని నమ్మనేదు, ఫోన్లో ఎవడో సెప్పినదాన్ని నమ్మినావు. మొన్న గుంజుకోనేదు. అందుకని బాగున్నాదన్నాను."

నా మూడేళ్ళ ఆశ, నా ఉద్యోగం, అన్నీ వాసన తెలియని మనిషి మాట మీద పెట్టి వెళ్ళాను. కోపం వచ్చింది. కోపంలోంచే పట్టలేనంత సంతోషం వచ్చింది, ఎందుకంటే ఆ మూడో కాగుని పరీక్షించి పాస్ చేసింది నేనే. నాకు తెలియకుండా.

"తప్పయితే ఏం చేసేదానివి?" అన్నాను, గొంతు పెంచి.

ఆవిడ వసారా చివర మూత పెట్టిన కళాయి చూపించింది. మూత తీశాను. పొగ కంపు మొహానికి కొట్టింది. గింజలు బొగ్గులైపోయి ఉన్నాయి.

"రంగు సూసి, సిటపటలు ఇని ఏయిస్తన్నాను. ఒక్కోపాలి కుదురుతాది, ఒక్కోపాలి ఇలగ అవుతాది. నాలుగు కళాయిలు కోళ్ళకి పోసినాను. పసిపిల్లలు తాగే పిండి, నాకు బయమేస్తన్నాది," అంది. మిఠాయి పొట్లం విప్పి ఒక లడ్డు నాకిచ్చి, ఒకటి తను తీసుకుంది. "శనివారం శనివారం బేగి వచ్చీ. నాను తిప్పుతాను, నువ్వు పక్కన నిలబడి ఎప్పుడు దించాలో సెప్పు. కూలి ఇవ్వలేను."

ఆ శనివారం మొదటి బండికే వెళ్ళాను.